దిల్ ఘబ్రారా

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు డిప్రెషన్ రాదు. దిల్ ఘబ్రాతది, అంతే. పొద్దున లేవబుద్ధి కాకపోయినా దిల్ ఘబ్రారా. కంచం ముందు కూచుంటే ముద్ద దిగకపోయినా దిల్ ఘబ్రారా. మొగుడు నెలల తరబడి ముఖం చూసి మాట్లాడకపోయినా, అర్ధరాత్రి గుండె దడదడ కొట్టుకుని ఊపిరాడకపోయినా అన్నిటికీ ఆ ఒక్క మాటే. దీన్ని తెలుగులో ఎట్లా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. 'భయమేస్తోంది' అంటే సగమే వస్తుంది. 'మనసు బాగాలేదు' అంటే మరీ మర్యాదగా ఉంటుంది. ఉర్దూకీ తెలుగుకీ మధ్య కూచుని ఇరవై ఏళ్ళుగా వార్తలు అటూ ఇటూ మార్చి బతుకుతున్నదాన్ని. నా సొంత బాధకు మాత్రం తర్జుమా దొరకలేదు.

అన్నిటికీ ఒకటే మాట ఉన్నట్టే అన్నిటికీ ఒకటే మందు ఉంది. సబర్. 'సబర్ కర్ బేటీ' అంటుంది అమ్మీ. 'సబర్ కా ఫల్ మీఠా' అంటుంది ఖాలా. దాంతో తగ్గకపోతే దమ్ చేసిన నీళ్ళు, మెడలో తావీజు, జుమ్మేరాత్ రోజు దర్గా. వీటిని నేను ఎగతాళి చెయ్యడం లేదు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఓ మూల కూచుని గంటసేపు ఏడ్చినా ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. మావాళ్ళూ వస్తారు, హిందువుల ఆడవాళ్ళూ వస్తారు. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చుకుని, కళ్ళు తుడుచుకుని, బస్సెక్కి ఇళ్ళకు పోతారు. పేదింటి ఆడదానికి ఫీజు అడగకుండా ఏడవడానికి చోటిచ్చింది దర్గాలే. కానీ ఏడ్చి వచ్చాక మళ్ళీ అదే ఇల్లు, అదే రాత్రి. ఆ రాత్రిని ఏం చెయ్యాలో దర్గా చెప్పదు.

నా ఖులా గురించీ, ఆ తర్వాత నాకు దొరికిన, దొరకని సాయం గురించీ ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, దాన్ని ఎవరూ నా కథగా చదవరని. 'చూశారా, ముస్లిం స్త్రీ బతుకు ఎంత ఘోరమో' అని చదువుతారు. కొందరు జాలిపడతారు, కొందరు లోలోపల సంతోషిస్తారు. ఇటు మావాళ్ళేమో 'ఇంటి గుట్టు బజార్న పెట్టావు, దుష్మన్ల చేతికి కత్తి అందించావు' అంటారు. ఈ ఇద్దరి మధ్యా నేనెక్కడున్నాను? నా నిద్ర పట్టని రాత్రులెక్కడున్నాయి?

నాది తలాక్ కాదు, ఖులా. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు పత్రికాఫీసుల్లోనే బోలెడుమంది ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. మగవాడు వదిలేస్తే తలాక్. ఈ పెళ్ళి నాకొద్దని ఆడదే అడిగి, మెహర్ తిరిగిచ్చో వదులుకునో బయటపడితే ఖులా. మాది పదకొండేళ్ళ కాపురం. ఆయన నన్ను కొట్టలేదు. తాగలేదు. ఇంకో పెళ్ళి చేసుకోలేదు. అందుకే ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మాట్లాడితే నా మీద నాకే రోత పుట్టేట్టు మాట్లాడేవాడు, లేకపోతే నెలల తరబడి మాట్లాడేవాడే కాదు. నా రాత్రి డ్యూటీ తప్పు, నా జీతం తప్పు, నేను తెలుగులో రాయడం తప్పు. 'బి.ఏ. చదివినదానివి, నీకెందుకింత పొగరు' అనేవాడు. దెబ్బలైతే చూపించొచ్చు. ఇవి ఎవరికి చూపించను?

ఖులా అడిగాక ఆయన సంతకం పెట్టడానికి ఏడాదిన్నర తీసుకున్నాడు. భర్త ఒప్పుకుంటేనే ఖులా అవుతుందని అందరూ చెప్పారు, మేమూ నమ్మాం. ఖులాకు భర్త ఒప్పుకోలు అవసరం లేదని, అది స్త్రీ హక్కేనని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తేల్చి చెప్పింది. 2021లో కేరళ హైకోర్టూ ఇదే మాట చెప్పింది. ఆ తీర్పు వార్త చూసిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఏడాదిన్నరే. చట్టం దృష్టిలో అది ఆలస్యం. మనిషికి అది పద్దెనిమిది నెలలు ఎవరి చేతిలోనో తన ఊపిరి ఉండటం.

చివరికి 2017లో, రంజాన్ వెళ్ళాక జూలైలో, ఖాజీ దఫ్తర్లో కాగితం చేతికొచ్చింది. అప్పటికి నా కూతురికి తొమ్మిదేళ్ళు.

అదే ఏడాది మా ఆఫీసులో ఇంకో అమ్మాయికీ విడాకులయ్యాయి. హిందువులమ్మాయి. డెస్కులో నా పక్క కుర్చీ. ఆమె చుట్టూ చేరి అందరూ 'ఏమైంది?' అని అడిగారు. ఆమె చెప్పింది, ఏడ్చింది, కొందరు వాళ్ళాయన్ని తిట్టారు, కొందరు ఆమెకే బుద్ధులు చెప్పారు. ఏదైనా సరే, అది ఆమె సంగతి, వాళ్ళాయన సంగతి. నా దగ్గరికొచ్చేసరికి ఎవరూ 'ఏమైంది?' అనలేదు. 'మీవాళ్ళల్లో అంతే కదా పాపం' అన్నారు. ఏమైందో వాళ్ళకు ముందే తెలుసు! ఆమె మొగుడు చెడ్డవాడైతే ఒక మొగుడు చెడ్డవాడు. నా మొగుడు చెడ్డవాడైతే పద్నాలుగు వందల ఏళ్ళ మతం చెడ్డది. ఆ అమ్మాయి మంచిది. మధ్యాహ్నం డబ్బా విప్పి సగం నాకు పెట్టేది. కానీ మా ఇద్దరి దుఃఖానికీ లోకం వేసిన తూకం వేరు.

ఆగస్టు 22న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ అనడం చెల్లదని ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు చెప్పారు. అది మంచి తీర్పు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. నా ఇద్దత్ ఇంకా పూర్తి కాలేదు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉర్దూలో వస్తున్న స్పందనలన్నీ తెలుగు చేస్తూ కూచున్నాను. ఉలమాల ప్రకటనలు, మహిళా సంఘాల ప్రకటనలు, పార్టీల ప్రకటనలు. సాయంత్రం పెద్దాయనొకరు నా టేబుల్ దగ్గరికొచ్చి, 'అమ్మా, మీరు సొంత అనుభవంతో ఓ పీస్ రాస్తే బాగుంటుంది, రేపటి ఎడిట్ పేజీకి' అన్నారు. నాది త్రిబుల్ తలాక్ కాదు సార్, నేనే అడిగి తెచ్చుకున్న ఖులా అన్నాను. 'ఏదైనా ఒకటేలెండి' అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు. నేనూ రాయలేదు.

ఇది నాతో మొదలవలేదు. షాబానో సంగతి చూడండి. ఇండోర్ మనిషి. 1932లో పెళ్ళి, ఐదుగురు పిల్లలు, 1975లో ఇంట్లోంచి వెళ్ళగొట్టారు, 1978లో తలాక్. కింది కోర్టు నెలకు 25 రూపాయలు ఇవ్వమంది, హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తర్వాత దేశమంతా ఊరేగింపులు. 1986లో చట్టం. చివరికి ఆ ముసలమ్మే తనకా తీర్పు వద్దని బహిరంగంగా చెప్పాల్సొచ్చింది. ఆ చట్టాన్ని కొట్టెయ్యకుండానే, ఇద్దత్ లోపే ఆమె భవిష్యత్తుకంతా సరిపడా ఏర్పాటు చెయ్యాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆమె మీద ఎన్ని వేల పేజీలు రాశారో లెక్కలేదు. మతోన్మాదులు రాశారు, మతపెద్దలు రాశారు, అభ్యుదయవాదులు రాశారు. నలభై మూడేళ్ళు కాపురం చేసిన ఇంటి గడప బయట నిలబడ్డ ఆ మనిషికి రాత్రిళ్ళు నిద్ర పట్టిందా అని అడిగిన పేజీ ఒక్కటీ నా కంటపడలేదు. అందరికీ ఆమె ఒక కేసు. ఒకరికి అనుకూల సాక్ష్యం, ఇంకొకరికి వ్యతిరేక సాక్ష్యం.

ఖులా అయిన రెండు నెలలకు నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. రాత్రి మూడింటికి మెలకువ. ఎడమ చెయ్యి తిమ్మిరి. గుండె జబ్బే అనుకున్నాను. ఈసీజీ తీశారు, రక్తం పరీక్షలు చేశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగున్నాయి. 'టెన్షనమ్మా, కౌన్సెలింగ్‌కు వెళ్ళండి' అన్నాడు డాక్టరు.

ఒక ప్రైవేటు సెంటర్‌కు వెళ్ళాను. చల్లటి గది, గోడకు సముద్రం బొమ్మ, నలభై ఐదు నిమిషాలకు ఎనిమిది వందలు. ఆవిడ నా పేరు విని మొదట అడిగిన మాట: 'మూడుసార్లు చెప్పాడా?' కాదండీ, నేనే అడిగాను. 'మీకు ఆ హక్కుందా!' తర్వాత 'రెండో భార్యను తెచ్చాడా?', 'బుర్ఖా వేసుకోమని బలవంతం చేశాడా?', 'ఉద్యోగానికి మీ మసీదువాళ్ళు ఒప్పుకున్నారా?' నేను ఒక్కోదానికి జవాబు చెప్తూ పోయాను. ఖులా అంటే ఏమిటో చెప్పాను. బుర్ఖా నేనే ఇష్టమైనప్పుడు వేసుకుంటానని చెప్పాను. మా అబ్బా నన్ను హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివించాడని చెప్పాను. మా మగవాళ్ళంతా అట్లా ఉండరని చెప్పాను. ఒకచోట 'ఆయన కూడా అంత చెడ్డవాడేం కాదు' అన్నాను! పదకొండేళ్ళు నన్ను మాటలతో తొక్కేసిన మనిషిని, అక్కడ కూచుని నేను వెనకేసుకొచ్చాను. ఎందుకంటే ఆ గదిలో ఆయన్ని ఒక్క మాటన్నా అది మా అబ్బాకూ, మా తమ్ముడికీ, మా గల్లీలో పళ్ళబండి తోసుకునే ఇస్మాయిల్ చాచాకూ తగిలేట్టుంది. టైమైపోయింది. ఎనిమిది వందలిచ్చి, ఆవిడకు ఇస్లాం పాఠం చెప్పి, నా బాధ నా దగ్గరే పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇక మావాళ్ళ దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. చెప్పకపోతే అది న్యాయం కాదు. మొహల్లాలో ఆడవాళ్ళకు ఖురాన్ పాఠాలు చెప్పే ఒకామె దగ్గరికి అమ్మీ తీసుకెళ్ళింది. తలాక్‌కు అల్లా అర్ష్ కంపిస్తుందని ఆమె మొదలుపెట్టింది. మగవాడు కొట్టనప్పుడు, తిండి పెడుతున్నప్పుడు, ఖులా ఎందుకడగాలి? నమాజు సరిగ్గా చెయ్యనందుకే దిల్ ఘబ్రారా. సబర్ తక్కువై ఇదంతా. అక్కడ నేను సెంటర్‌లోలాగా వాదించలేదు. తల దించుకుని విన్నాను. ఒకచోట నా మతాన్ని కాపాడటానికి నోరు తెరవాల్సొచ్చింది, ఇంకోచోట నా మతం పేరు చెప్పి నా నోరు మూశారు. రెండుచోట్లా నా సంగతి చెప్పుకునే అవకాశం రాలేదు.

ఆమె దగ్గర అడగని మాటలు ఇప్పుడు ఇక్కడ అడుగుతున్నాను. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికొచ్చి ఏమంది? ఆయన గుణంలోనూ దీన్‌లోనూ నాకు తప్పు కనిపించడం లేదు, కానీ ఆయనతో ఉండలేను అంది. కొట్టాడనలేదు. తిండి పెట్టలేదనలేదు. ఆమె మనసే ఆమె కారణం. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిస్తావా అని అడిగి, ఆమెను విడిపించారు. ఆడదాని మనసు మాటను సరిపోయే కారణంగా ఒప్పుకున్న ఆ సంగతిని మన మిమ్బర్ల మీద ఎందుకు చెప్పరు? సబర్ అంటే ఏడవకపోవడమా? కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబారిపోయిన యాఖూబ్ నోటనే కదా ఖురాన్ అందమైన సబర్ గురించి చెప్పించింది! భార్య ఖదీజా, పెదతండ్రి అబూ తాలిబ్ పోయిన సంవత్సరానికి దుఃఖ సంవత్సరమని పేరే పెట్టుకున్న చరిత్ర మనది. పదో శతాబ్దిలో పోయిన బల్ఖ్ పండితుడు అబూ జైద్ శరీరం గురించీ మనసు గురించీ కలిపి ఒకే గ్రంథం రాశాడు. ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందని, దానికీ వైద్యం ఉంటుందని చెప్పాడు. వెయ్యేళ్ళ కిందట మనవాళ్ళు రాసిపెట్టిన మాట ఇప్పుడు మనకు పరాయిదెట్లా అయింది?

ఇద్దత్ కూడా అట్లాగే అయింది. అందులో మూడు నెలసరుల గడువు ఉన్నది గర్భం తేల్చుకోవడానికే అంటారు. తలాక్ ఇచ్చిన మగవాడికి ఆ గడువులో ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టొద్దని, ఆమె ఖర్చు భరించాలని హుకుం ఉంది. కూలిపోయిన మనిషికి నిలదొక్కుకోవడానికి ఇచ్చిన వ్యవధిగా దాన్ని చూడొచ్చు కదా! మా ఇళ్ళల్లో అది శిక్షయింది. ఆమె ఓ గదిలో కూచోవాలి, వచ్చినవాళ్ళు చావింటికి వచ్చినట్టు ముఖాలు పెట్టుకుని వచ్చి, బిస్కెట్లు తిని, తప్పెవరిదో తేల్చి పోవాలి. ఆఫీసులో పెళ్ళికి సెలవుంది, చావుకు సెలవుంది, విడాకులకు లేదు. ఆ నెల జీతం లేకపోతే ఇంటి కిరాయి లేదు. నేను డ్యూటీకి వెళ్ళాను. మొహల్లా మాట్లాడుకుంది. బక్రీద్ నాడు మా ఇంటికి గోష్త్ వాటాలు వచ్చాయి గానీ మనుషులు రాలేదు.

చివరికి సర్కారు దవాఖానలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళాను. మొహల్లాలో 'ఎర్రగడ్డకు పోయిందట' అన్నారు. ఏ దవాఖానకు వెళ్ళినా మా దగ్గర అదే పేరు. పొడుగాటి వరసలో బుర్ఖాలున్నాయి, కుంకుమబొట్లున్నాయి, ఓ కానిస్టేబులున్నాడు, ఇంటర్ చదివే పిల్లాడున్నాడు. డాక్టరు మతం అడగలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఆకలేస్తోందా, ఎప్పటినుంచి, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగాడు. చివరి మాట అంతకు ముందు నన్నెవరూ అడగలేదు. అడిగితే ఆ ఆలోచన ఎక్కువవుతుందని భయపడతారేమో. నాకైతే అడిగినందుకే సగం బరువు దిగింది.

మందు రాశాడు. రెండు మూడు వారాల దాకా గుణం తెలియదని, నయమైందని సొంతంగా ఆపొద్దని, ఆపాల్సినప్పుడు మెల్లమెల్లగా తగ్గించాలని చెప్పాడు. తర్వాతి ఏడాది రంజాన్ వచ్చినప్పుడు రోజా ఉంటానంటే, మానమని అనలేదు. మాత్ర వేసుకునే వేళ మార్చి ఇచ్చాడు. మందు దుఃఖాన్ని తీసెయ్యలేదు. రాత్రిని మాత్రం మళ్ళీ రాత్రిలా చేసింది.

మందుతో పాటు సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాటతో వైద్యం చేస్తారు. ఈమె కూడా హిందువే, వరంగల్ వైపు మనిషి. మొదటిరోజే ఒక మాట చెప్పింది: 'మీ మతం గురించి నాకు పెద్దగా తెలియదు. అవసరమైనచోట మిమ్మల్నే అడుగుతాను. కానీ ఇక్కడ మీరు ఎవరి తరఫునా మాట్లాడక్కర్లేదు.' నేను ఆ గంటంతా ఏడ్చాను. పదకొండేళ్ళ కాపురానికి కాదు. ఆ ఒక్క మాటకు.

'మీ భాషలోనే చెప్పండి, అర్థం కాకపోతే ఆపుతాను' అంది. దఖ్నీలో చెప్పాను. ఆమె ఓ నోట్‌బుక్ పెట్టుకోమంది. గుండె దడ వచ్చినప్పుడల్లా ఆ క్షణంలో ఏ ఆలోచన వచ్చింది, దానికి రుజువేమిటి, దానికి ఎదురు రుజువేమిటి అని రాయాలి. నేను ముందు వైపు నుంచి తెలుగులో, వెనక వైపు నుంచి ఉర్దూలో రాస్తూ పోయాను. రెండు నెలల తర్వాత ఆమె ఉర్దూ పేజీలు నాతోనే చదివించుకుంది. అప్పుడు తెలిసింది, నా సిగ్గంతా ఉర్దూలో ఉంది, నా కోపమంతా తెలుగులో ఉంది. అమ్మీ ముందు, అల్లా ముందు, ఖాన్‌దాన్ ముందు నేనేమైపోయానో ఉర్దూలో రాసుకున్నాను. నాకు జరిగింది అన్యాయమని తెలుగులో రాసుకున్నాను. 'ఈ కోపాన్ని ఒకసారి ఉర్దూలో చెప్పండి' అంది. చెప్పడానికి మూడు వారాలు పట్టింది. మొగుడి మీద కోపం చూపించడానికి నా తల్లిభాషలో నాకు మాటలు నేర్పినవాళ్ళు లేరు. ఆ రోజు చెప్పాను. ఆ రోజు నా మతానికి ఏమీ కాలేదు. ఒక మగవాడి మీద ఒక ఆడదానికి కోపం వచ్చింది, అంతే.

పాప సంగతి ఇంకా కష్టమైంది. టీవీలో అప్పుడు రోజూ అదే చర్చ. ఒకరోజు బడి నుంచి వచ్చి, 'మమ్మీ, అబ్బా నీకు మూడుసార్లు చెప్పాడా? మా క్లాసులో అందరూ అడుగుతున్నారు' అంది. తొమ్మిదేళ్ళ పిల్ల తన ఇంటి దుఃఖానికి దేశం ముందు జవాబు చెప్పుకోవాల్సొచ్చింది! అంతకంటే ముందు ఆ పిల్ల అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అబ్బా నన్ను చూడ్డానికొస్తాడా? నావల్లే గొడవైందా? వాటికి జవాబు చెప్పడం సైకాలజిస్టే నేర్పింది. నీవల్ల కాదు అని ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాలి. తండ్రి గురించి ఆమె ముందు తిట్టకూడదు. ఆయనకు చెప్పాల్సిన కబురు ఆమె చేత పంపకూడదు. క్లాసులో అడిగితే 'అది మా ఇంటి విషయం' అనే హక్కు ఆమెకుందని చెప్పాలి. ఈ చివరిది నేనూ ఆమెతో పాటే నేర్చుకున్నాను.

సైకాలజిస్టు దగ్గర వారానికో గంట. మిగిలిన నూట అరవై ఏడు గంటలు? వాటికి మా గల్లీలో టైలరింగ్ సెంటరే దిక్కయింది. మెషీన్లు నాలుగు, ఆడవాళ్ళు ఆరేడుగురు. ఖులా తీసుకున్నవాళ్ళున్నారు, తలాక్ పడ్డవాళ్ళున్నారు, మొగుడు దుబాయ్ వెళ్ళి తిరిగిరానిదొకతె ఉంది, ఏదీ కాకుండా కాపురంలోనే నలిగిపోతున్నవాళ్ళున్నారు. జుమా రోజు నమాజయ్యాక కూచునేవాళ్ళం. మూడు షరతులు పెట్టుకున్నాం. అడగకుండా సలహా చెప్పకూడదు. ఇక్కడి మాట గల్లీ దాటకూడదు. 'సబర్' అన్న మాట ఎవరూ వాడకూడదు. మూడోది పెట్టింది మాలో అందరికంటే పెద్దామె, ఐదుపూటలా నమాజు చేసే మనిషి. 'ఆ మాట అల్లాకూ నాకూ మధ్య ఉండనీ, మీరెవరూ నాకు చెప్పొద్దు' అంది. అక్కడ ఎవరూ ఎవరినీ కాపురం వదిలెయ్యమనలేదు. చాయ్ తాగుతూ నిద్రమాత్రల గురించీ, ఫ్యామిలీ కోర్టు వాయిదాల గురించీ, స్కూలు ఫారాల్లో తండ్రి సంతకం గురించీ మాట్లాడుకున్నాం. కొన్నిసార్లు పగలబడి నవ్వుకున్నాం. పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ 'షాహీన్' పేరుతో ఆడవాళ్ళ కోసం ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ప్రతి మొహల్లాకూ అంత సంస్థ రాకపోవచ్చు. నాలుగు మెషీన్లూ ఓ తలుపూ ఉన్న గది మాత్రం ప్రతి మొహల్లాలోనూ ఉంది.

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే మన పెద్దల్లో సుమారు పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని చెప్పింది. అందులో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదనీ చెప్పింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మేలో అమల్లోకొచ్చింది. మతం, కులం, లింగం అనే భేదం లేకుండా వైద్యం పొందే హక్కు అందరికీ ఉందని అందులో రాసి ఉంది. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, పైసా ఖర్చులేదు. 2019లో మూడుసార్లు తలాక్ అన్నవాడికి మూడేళ్ళదాకా జైలు అని చట్టం తెచ్చారు. మొగుణ్ణి పెట్టడానికి జైలు దొరికింది. ఆమె కూచుని మాట్లాడుకోవడానికి గది గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. ఆమె మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళకు ఆ ముక్క ఎందుకు తోచలేదు?

మా ఖాజీసాబ్‌లను అడుగుతున్నాను. తలాక్‌నామా, ఖులానామా ఇచ్చేటప్పుడు మెహర్ లెక్క రాస్తారు, ఇద్దత్ లెక్క చెప్తారు. ఆ కాగితం వెనక ఒక దవాఖాన ఓపీ వేళలు, 14416 నంబరు రాసిస్తే దీన్‌కు నష్టమేముంది? కౌన్సెలింగ్ చేసేవాళ్ళను అడుగుతున్నాను. మేం లోపలికొచ్చినప్పుడు మా మతాన్ని కుర్చీలో కూచోబెట్టి మమ్మల్ని నిలబెట్టకండి. 'ఏమైంది?' అని అడగండి, అందరినీ అడిగినట్టే. అభ్యుదయ మిత్రులకు చెప్తున్నాను. మా మగవాళ్ళ మీద మేం కొట్లాడతాం, కొట్లాడుతున్నాం. ఆ కొట్లాటలో మా ఏడుపును మీ వాదానికి రుజువుగా ఎత్తుకుపోకండి.

ఇక నా చెల్లెళ్ళకు. దిల్ ఘబ్రారా అంటే అది మీ ఈమాన్ తక్కువై కాదు. నమాజు చెయ్యండి, దర్గాకు వెళ్ళండి, మీ ఇష్టం. రెండు వారాలకు పైగా నిద్రా తిండీ పోయినా, బతకాలని లేకపోయినా, దవాఖానకు కూడా వెళ్ళండి. మొదటి డాక్టరు దగ్గర మీ బాధకు చోటు దొరక్కపోతే రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏ భాషలో ఏడుపొస్తే ఆ భాషలోనే చెప్పండి. అర్థం చేసుకోవాల్సిన పని వాళ్ళది.